రాత్రి ఇచ్చే అనుమతి: దిగువ కృష్ణా డెల్టా స్త్రీవేష ప్రదర్శనలు, నేటి గే క్లబ్ రాత్రులు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సెలవులకు వెళ్లిన నగరంలో ఒక గే క్లబ్ రాత్రిని చూసి, దాని మీద మనసుపడి, ఊరికి తిరిగి వచ్చాక కూడా దానినే తలచుకోవడం నేటి స్వలింగానురాగుల జీవితంలో ఒక ముఖ్యమైన అనుభవం. ఈ ఆకర్షణను కొందరు విదేశీ వ్యామోహంగా కొట్టివేస్తారు. మరికొందరు కూచిపూడి స్త్రీవేష సంప్రదాయాన్ని చూపి, ఇది మనకు ఎప్పుడో ఉన్నదేనని వాదిస్తారు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతపు ప్రదర్శన సంప్రదాయాన్ని నేటి క్లబ్ రాత్రితో పోల్చి, ఈ రెండు అభిప్రాయాలూ ఎందుకు చాలవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. భాగవత రాత్రి వేషధారికి అనుమతి ఇచ్చింది. క్లబ్ రాత్రి వచ్చిన మనిషికే అనుమతి ఇస్తుంది. ఈ భేదమే ఆ ఆకర్షణకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కూచిపూడి, భామాకలాపం, స్త్రీవేషం, స్వలింగానురాగం, క్లబ్ రాత్రి, కృష్ణా డెల్టా, సెలవు ప్రయాణం.

1. ఉపోద్ఘాతం:

కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి ఏర్పరచిన దివిసీమ, దానికి ఉత్తరాన రేవు పట్టణమైన మచిలీపట్నం, వరి మాగాణుల నడుమ వ్యాపార కేంద్రమైన గుడివాడ కలిసి దిగువ కృష్ణా డెల్టాకు రూపం ఇస్తున్నాయి. పామర్రు నుండి చల్లపల్లి వెళ్లే దారిలో, ఈ మూడింటి నడుమ, కూచిపూడి గ్రామం ఉంది. దాని పక్కనే క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ ఉంది. పురుషుడైన క్షేత్రయ్య నాయిక గొంతుతో మువ్వగోపాలుణ్ణి పిలిచాడు. పురుషులైన కూచిపూడి భాగవతులు సత్యభామలై అదే దైవం కోసం విరహాన్ని అభినయించారు. పురుషుడు స్త్రీ గొంతుతో ప్రేమను పలకడం ఈ నేలకు కొత్త కాదు.

అయినా ఈ ప్రాంతంలో పుట్టి, మరొక పురుషుణ్ణి ప్రేమించే యువకుడు తనలాంటివారిని మొదటిసారి పదిమందిగా ఒకచోట చూడాలంటే సాధారణంగా ఊరు దాటవలసి వస్తుంది. బెంగళూరులోనో, హైదరాబాదులోనో, ముంబయిలోనో, ఇంకా దూరాన బ్యాంకాక్‌లోనో ఒక రాత్రి అతనికి ఆ అవకాశం ఇస్తుంది. స్త్రీవేషాన్ని ఇంతగా ఆదరించిన ప్రాంతం ఈ అవకాశాన్ని ఎందుకు ఇవ్వలేకపోయిందన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. ‘క్లబ్బు’, ‘రాత్రి’ – డెల్టాలో ఈ మాటల అర్థాలు:

కోస్తా పట్టణాలలో ‘క్లబ్బు’ అనే మాటకు స్థిరపడిన అర్థం వేరు. సాయంకాలం పెద్దమనుషులు చేరే చోటు, పేకాట బల్లలు, టెన్నిసు కోర్టు ఆ మాటతో గుర్తుకు వస్తాయి. పాత తరం వారికి ‘కాఫీ క్లబ్బు’ అంటే ఇడ్లీ, కాఫీ దొరికే హోటలు. ఈ రెండూ ప్రధానంగా మగవారు చేరే చోట్లే. కాని అక్కడ కూర్చునేవారికి ఒకరి ఇంటిపేరు, కులం, పొలం, బంధుత్వం మరొకరికి తెలిసే ఉంటాయి. పరిచయమే ఆ చోటుకు పునాది.

‘రాత్రి’కి మాత్రం డెల్టాలో మరింత విశాలమైన చరిత్ర ఉంది. కోత అయిపోయాక, పండుగలకు, తిరునాళ్లకు రాత్రంతా మేలుకుని చూసే భాగవతాలు, హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు పల్లె జీవితంలో భాగంగా ఉండేవి. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో, కార్తికంలో చిలకలపూడి పాండురంగని సన్నిధిలో జనం చేరే సంప్రదాయం నేటికీ కొనసాగుతోంది. పగలు పొలం, దుకాణం, కచేరీ నియమించిన హద్దులు ఇలాంటి రాత్రులలో కొంత సడలేవి. గుంపులో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరు ఏ వేషాన్ని ఎంతసేపు కన్నార్పకుండా చూశారో లెక్క అడిగేవారు తక్కువ. కనుక రాత్రి, సంగీతం, వేషం, గుంపు కలిసి ఒక సడలింపును కల్పించడం క్లబ్బు కనిపెట్టిన విషయం కాదు.

3. భాగవత రాత్రి – కూచిపూడి స్త్రీవేషం:

3.1 తెర, జడ, కాగడా:

సంప్రదాయ కథనం ప్రకారం సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని రచించి కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పాడు. ఆ కుటుంబాలలో పుట్టిన ప్రతి పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా ఈ ప్రదర్శనకు మెచ్చి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడన్నది మరొక కథనం. చరిత్ర దృష్టితో వీటి ప్రామాణ్యం ఎలా ఉన్నా, స్త్రీవేషం ఇక్కడ వినోదం కోసం చేసే అనుకరణగా కాక వంశధర్మంగా నిలిచిందని అవి చెబుతున్నాయి.

ప్రదర్శన గుడి ముందో, ఊరి నడుమ ఖాళీ స్థలంలోనో జరిగేది. ఇద్దరు మనుషులు తెర పట్టుకునేవారు. సత్యభామ ముందుగా కనిపించదు. ఆమె జడ తెర మీదుగా ఇవతలకు పడుతుంది. విద్యలో తనను ఓడించగలవారు ఉంటే రమ్మనే సవాలుకు ఆ జడ గుర్తు. కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లితే ఒక్కసారిగా మంట లేచి వెలుగు కమ్ముకునేది. ఆ వెలుగులో తెర తొలగి, ప్రవేశ దరువుతో సత్యభామ నిలిచేది. చూసేవారికి అది ఎవరి కుమారుడో తెలుసు. తెలిసే, ఆమెను సత్యభామగా ప్రేమించేవారు.

ఈ కళను శిఖరానికి చేర్చినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012). సత్యభామ, ఉష పాత్రలకు ఆయన పెట్టింది పేరు. 1970లో పద్మశ్రీ పొందారు. కూచిపూడికి వెలుపల, ఆధునిక నాటకరంగంలో బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) స్త్రీపాత్రలతోనే తెలుగునాట ఆరాధ్యుడై, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. గుడివాడ ప్రాంతంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు సినిమాలకు ముందు రంగస్థలంపై స్త్రీపాత్రలు ధరించి పేరు తెచ్చుకున్నారు. నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు విజయవాడ కళాశాలలో ‘రాచమల్లుని దౌత్యం’ నాటకంలో నాగమ్మ పాత్ర వేస్తూ మీసం తీయడానికి ఒప్పుకోక, ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్న సంగతి ప్రసిద్ధం. తెలుగు తెరపై మగతనానికి ప్రతిరూపాలైన ఇద్దరు కథానాయకులూ స్త్రీవేషం కట్టినవారే కావడం ఆ వేషానికి ఉన్న గౌరవాన్ని తెలుపుతుంది. తీయని ఆ మీసం ఆ గౌరవానికి ఉన్న హద్దును కూడా తెలుపుతుంది.

3.2 మాధవి – మాధవుడు:

భామాకలాపంలో సత్యభామకూ కృష్ణునికీ నడుమ రాయబారం నడిపే పాత్ర విశేషమైనది. సత్యభామ ఎదుట ఆ పాత్ర చెలికత్తె మాధవి. కృష్ణుని ఎదుట అదే పాత్ర చెలికాడు మాధవుడు. సాధారణంగా సూత్రధారుడే దీనిని నిర్వహిస్తాడు. వేషం పెద్దగా మారదు. ఎవరితో మాట్లాడుతున్నాడన్న దానిని బట్టి స్త్రీత్వమో పురుషత్వమో నిలుస్తుంది. స్త్రీపురుష భేదం శరీరంలో కన్నా సంబోధనలో ఉందన్న ఈ సూక్ష్మాన్ని ప్రేక్షకులు ఏ శాస్త్రం చదవకుండానే అందుకున్నారు. కూచిపూడి భాగవతులు కట్టే పగటివేషాలలో అర్ధనారీశ్వర వేషం ఈ సూక్ష్మానికి మరొక రూపం. ఒకే ముఖంలో రెండు సగాలను చూపే ఆ వేషం పట్టపగలు వీధిలో తిరిగేది.

3.3 ఆ అనుమతి ఎవరిది?

ఇక్కడ జాగ్రత్త అవసరం. స్త్రీవేషధారులను నేటి అర్థంలో స్వలింగానురాగులనో, ట్రాన్స్‌జెండర్లనో పిలవడానికి ఆధారం లేదు. వారు ఎక్కువగా గృహస్థులు, సంప్రదాయజ్ఞులు. స్త్రీలకు వేదికపై చోటు లేకపోవడం వల్లనే ఆ పాత్రలు పురుషులకు వచ్చాయన్న విషయాన్నీ మరువరాదు. అదే డెల్టాలో తరతరాలుగా ఆడిపాడిన కళావంతుల స్త్రీలకు 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత గౌరవంగా ఆడే చోటు మరింత కరువైంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటివారు స్త్రీలకు నేర్పడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించడం వంటి పరిణామాలతో స్త్రీలు ఈ నృత్యంలోకి వచ్చారు.

హర్షిత కామత్ 2019లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథం ‘ఇంపర్సొనేషన్స్’ స్త్రీవేషం కూచిపూడి బ్రాహ్మణ పురుషుని అధికారాన్ని నిలబెట్టిన తీరును చర్చించింది. వేషం కట్టే హక్కు పుట్టుకతో వచ్చింది. ఆ పుట్టుక లేనివాడు అదే నడకను వీధిలో నడిస్తే అది కళ కాదు. వేదికపై ‘అచ్చం ఆడదానిలా ఉన్నాడు’ అన్నది మెప్పు. బడిలో, బజారులో ‘ఆడంగివాడు’ అన్నది తిట్టు. ఒకే లక్షణానికి ఒకే ఊరు ఇచ్చిన రెండు పేర్లు ఇవి.

చట్టం కూడా ఇలాగే నడిచింది. నిజాం పాలనలో 1919లో చేసిన నపుంసకుల చట్టం స్త్రీవేషంతో వీధిలో కనిపించడాన్ని, బహిరంగంగా ఆడిపాడడాన్ని శిక్షార్హం చేసింది. తెలంగాణ హైకోర్టు దీనిని రాజ్యాంగవిరుద్ధమని 2023 జులైలో కొట్టివేసింది. బ్రిటిషు పాలనలో ఉన్న కృష్ణా జిల్లాకు ఆ చట్టం వర్తించలేదు. ఇక్కడ 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఉండేది. వేషానికి పద్మశ్రీ, మనిషికి నేరమనే ముద్ర ఒకే కాలంలో, ఒకే రాజ్యాంగం కింద కొనసాగాయి.

4. గే క్లబ్ రాత్రి – పుట్టుక, పనితీరు:

గే క్లబ్బు చరిత్ర పోలీసు దాడులతో ముడిపడి ఉంది. 1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్కులోని స్టోన్‌వాల్ ఇన్ అనే బారుపై పోలీసులు దాడి చేయగా, అక్కడున్నవారు ఎదురు తిరిగారు. ఏటా జూన్‌లో జరిగే ప్రైడ్ ఊరేగింపులకు ఆ ఘటన మూలమైంది. ఆ ప్రతిఘటన పుట్టింది ఏ సభాభవనంలోనో కాదు, పాట పెట్టుకుని ఆడే చోట. ఇతరత్రా కలుసుకునే చోటు లేనివారికి బారు, డాన్సు గది సంఘంగా, సమాచార కేంద్రంగా, ఆశ్రయంగా పనిచేశాయి.

ఇలాంటివారి కోసమే ప్రత్యేకంగా క్లబ్బు నడపడం చాలా నగరాలలో సాధ్యం కాలేదు. కాబట్టి మామూలు క్లబ్బులో వారానికి ఒక రాత్రిని కేటాయించే పద్ధతి వచ్చింది. ‘క్లబ్ నైట్’ అనే మాటకు అర్థం ఇదే. గోడలు అవే, పాటల యంత్రం అదే, వచ్చే మనుషులు మాత్రం వేరు. ముంబయి కొలాబాలోని ఊడూ అనే పబ్బు శనివారం రాత్రులు ఇలాగే పేరు పొందాయి. ఢిల్లీ లలిత్ హోటలులోని కిట్టీ సూ డ్రాగ్ ప్రదర్శనలకు బహిరంగంగా వేదిక ఇచ్చింది. ఆ హోటలు సంస్థకు చెందిన కేశవ్ సూరి 2018లో 377వ సెక్షనుకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఒకరు. హైదరాబాదులో శాస్త్రీయ నృత్యం నేర్చిన పట్రుని చిదానంద శాస్త్రి డ్రాగ్ కళాకారుడిగా ప్రదర్శనలిస్తున్నారు. స్త్రీవేషం ఇక్కడ పుట్టుకతో వచ్చిన హక్కు కాదు, ఎంచుకున్న రూపం.

క్లబ్ రాత్రిలో జరిగేది బయటివారు అనుకునేంత వింతగా ఉండదు. చీకటి గది, పెద్ద పాట, రంగు దీపాలు, నీళ్ల సీసాలు, మద్యం, చెమట, నవ్వులు ఉంటాయి. ముఖ్యమైన విషయం మరొకటి. ఒక యువకుడు మరొక యువకుని వైపు చూస్తే, ఆ చూపును దాచుకోవలసిన పని లేదు. ఇష్టం లేకపోతే ‘లేదు’ అనే మాట వస్తుంది. అసహ్యం రాదు. తిరస్కారం కూడా మామూలు విషయమయ్యే చోటు అది. చిన్ననాటి నుండి తన చూపును తానే కాపలా కాసుకున్నవానికి ఆ మూడు గంటలు కాపలా దిగే సమయం.

5. సెలవులోనే ఎందుకు?

డెల్టా పల్లెలో కొత్త ముఖం కనిపిస్తే మొదటి ప్రశ్న ‘ఎవరబ్బాయివి?’, రెండవది ‘ఇంటిపేరేమిటి?’. ఈ ప్రశ్నలలో ఆప్యాయత ఉంది. ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 తర్వాత దివిసీమ ప్రజలు ఒకరినొకరు వెతుక్కోవడానికి, ఆదుకోవడానికి ఈ పరిచయమే బలమైంది. కాని ఆ పరిచయమే వేరే సందర్భంలో నిఘాగా మారుతుంది. యువకుడు ఏ వీధి మలుపులో ఎవరితో నిలబడ్డాడో సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. పాతికేళ్లు దాటితే ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు?’ అన్న ప్రశ్న ప్రతి శుభకార్యంలోనూ ఎదురవుతుంది.

సెలవు ప్రయాణం ఈ పరిచయాన్ని కొద్ది రోజులు విప్పుతుంది. మచిలీపట్నంలో యశ్వంతపూరు వెళ్లే కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కిన యువకుణ్ణి ఊహించుకోవచ్చు. దివిసీమకు రైలు లేదు కనుక అవనిగడ్డ యువకుడు ముందు బస్సు ఎక్కాలి. బెంగళూరులో దిగాక ఇద్దరికీ ఇంటిపేరు అడిగేవారు ఉండరు. స్నేహితుని గది, శనివారం రాత్రి, ఫోనులో చూసిన చిరునామా చాలు. మొదటిసారి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగే అవకాశమూ ఉంది. లోపలికి వెళ్లినవాడు అక్కడ ఒక వ్యక్తితో ప్రేమలో పడకపోవచ్చు. ఆ గుంపుతో, ఆ రాత్రితో ప్రేమలో పడతాడు. జీవితంలో మొదటిసారి తాను మినహాయింపు కాకుండా మామూలు మనిషి కావడమే ఆ ప్రేమకు కారణం.

బ్యాంకాక్‌లోని సీలోం వీధులకు వెళ్లే భారతీయ యాత్రికుల అనుభవానికీ ఇదే మూలం. థాయిలాండులో 2025 జనవరి 23 నుండి స్వలింగ వివాహాలకు చట్టబద్ధత వచ్చింది. అక్కడ పగటికీ రాత్రికీ ఉన్న దూరం తగ్గుతోంది. సెలవు ముగించుకుని వచ్చే యువకునికి ఆ దూరం మళ్లీ పూర్తి కొలతలో ఎదురవుతుంది.

ఈ సెలవు అందరికీ సమానంగా దొరకదు. ప్రవేశ రుసుము, బట్టలు, ఆంగ్లం, నగరంలో తలదాచుకునే చోటు దీనికి కావాలి. కౌలురైతు కుమారునికి, రొయ్యల చెరువు మీద పనిచేసే కుర్రవానికి అవి సులభం కావు. స్త్రీని ప్రేమించే స్త్రీకి ఒంటరి ప్రయాణమే మొదటి ఆటంకం. హిజ్రాలకు క్లబ్బు తలుపు దగ్గరే అడ్డు పడవచ్చు. కనుక క్లబ్ రాత్రిని సంపూర్ణ విముక్తిగా వర్ణించడం సరికాదు.

6. రెండు రాత్రుల పోలిక:

1. భాగవత రాత్రిలో కళాకారుడు మారతాడు, ప్రేక్షకుడు మారడు. క్లబ్ రాత్రిలో వచ్చిన ప్రతివాడూ మారే అవకాశం ఉంది.

2. భాగవతంలో పురుషుడు పురుషుని కోసం విరహపడే దృశ్యం కనిపించినా, కథ దానిని స్త్రీపురుషుల ప్రేమగానే నిలుపుతుంది. ప్రేక్షకునిలో కలిగే కోరికకు పేరు ఉండదు. క్లబ్బులో ఆ కోరికకు పేరు ఉంది.

3. భాగవతం ఊరందరిది. పిల్లలు, ముసలివారు, స్త్రీలు చాపలు పరచుకుని కలిసి చూసినది. క్లబ్బు ఊరికి దూరంగా, తలుపు మూసుకుని, ఎక్కువగా యువకుల కోసం సాగేది. ఈ విషయంలో భాగవత రాత్రికి ఉన్న విస్తృతి క్లబ్ రాత్రికి లేదు.

4. రెండూ తెల్లవారితే ముగుస్తాయి. భాగవతుడు రంగు కడుక్కుని గౌరవంగా ఇంటికి వెళ్తాడు. క్లబ్బు నుండి బయటికి వచ్చినవాడు తనను తాను మళ్లీ దాచుకుని ఇంటికి వెళ్తాడు. వేషం ఒకరికి రాత్రి, మరొకరికి పగలు.

ఈ చివరి భేదం అత్యంత ముఖ్యమైనది. సత్యభామకు జడ వేషం. డెల్టా యువకునికి పెళ్లిచూపుల్లో కూర్చోవడమే వేషం కావచ్చు. ఆ వేషం వల్ల నష్టపోయేది అతనొక్కడే కాదు. ఏమీ తెలియక అతనితో ముడిపడే స్త్రీ జీవితం కూడా.

7. పగటి వైపు:

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నవతేజ్ సింగ్ జోహర్ కేసులో ఇద్దరు వయోజనుల సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షనుకు సమానమైన నిబంధన లేదు. 2023 అక్టోబరు 17 నాటి సుప్రియో కేసు తీర్పులో మాత్రం వివాహ హక్కును కోర్టు గుర్తించలేదు. హైదరాబాదులో 2013 నుండి ప్రైడ్ ఊరేగింపులు పగటిపూట వీధిలో సాగుతున్నాయి. భయం తొలగడంలో చట్టం చేయగల పని చాలావరకు చేసింది. మిగిలినది ఇల్లు, బడి, పని చేసే చోటు చేయవలసిన పని.

ఆ పనికి డెల్టా దగ్గర సొంత వనరులు ఉన్నాయి. మాధవి మాధవుడైనప్పుడు ఎవరూ లేచి వెళ్లిపోలేదు. అర్ధనారీశ్వర వేషం ఇంటి ముందు నిలిస్తే బియ్యం పెట్టి పంపారు. ఈ జ్ఞాపకం స్వలింగానురాగానికి ప్రాచీన సమ్మతి కాదు. తెలిసిన మనిషి తెలియని రూపంలో ఎదుట నిలిచినప్పుడు అతణ్ణి మనవాడిగానే చూడగలిగిన అలవాటుకు అది సాక్ష్యం. ఆ అలవాటును వేదిక నుండి ఇంటి అరుగు మీదికి తేవడం అసాధ్యం కాదు.

8. ముగింపు:

• సెలవులో గే క్లబ్ రాత్రి మీద కలిగే ప్రేమ విలాస వ్యామోహం కాదు. దాచుకోకుండా పదిమందిలో ఉండగలగడం మీద కలిగే ప్రేమ.

• కూచిపూడి స్త్రీవేషం దానికి పూర్వరూపం కాదు. అయితే రాత్రి, వేషం, సంగీతం కలిసి సామాజిక హద్దులను సడలించగలవన్న అనుభవం డెల్టాకు ముందే ఉంది.

• ఆ అనుమతి పుట్టుకకు, కళకు, వేదికకు పరిమితమైంది. వేషాన్ని మెచ్చిన సమాజమే మనిషిని ‘ఆడంగి’ అని వెక్కిరించింది.

• క్లబ్ రాత్రి అందరికీ అందుబాటులో లేదు. అందినవారికి కూడా అది కొద్ది గంటల ఊరట.

• ‘ఎవరబ్బాయివి?’ అని అడిగే ఊరు, జవాబు విన్న తర్వాత కూడా ఆ అబ్బాయిని తనవాడిగానే ఉంచుకోగలిగిననాడు, అతడు మనిషిగా నిలవడానికి సెలవు కోసం ఎదురుచూడవలసిన అవసరం ఉండదు.